కడుగునీళ్ళ గడ్డి

బొటనవేలి కింద కనురెప్ప వెచ్చగా ఉంటుంది.

కింది రెప్పను కొంచెం లాగాలి. లోపలి పొర బయటికి తిరుగుతుంది… తడిగా, మెత్తగా, పూరేకు లోపలి వైపులా.

ఎర్రగా ఉంటే మేక బాగున్నట్టు. గులాబీ రంగు అయితే భయపడాలి. తెల్లగా ఉంటే —

ఆ ఉదయం తెల్లచెవి రెప్ప తెల్లగా ఉంది.

ఒళ్ళంతా నలుపు దానికి. ఎడమ చెవి ఒక్కటే తెలుపు. ఇప్పుడా తెలుపు కంట్లోకి పాకింది.

ఈ ఫారంలో అరవై మేకలు పెద్దమ్మవి. ఒక్కటి నాది. అది పుట్టిన రోజున పెద్దమ్మ దాన్ని తడి ఒంటితోనే ఎత్తి నా ఒళ్ళో పడేసింది. "ఇంద, ఇది నీది. దీని కడుపున పుట్టేవీ నీవే. నువ్వూ మాట్లాడవు, అదీ మాట్లాడదు. ఇద్దరికీ బాగా కుదురుతుంది."

నాకు మాటలొచ్చు. వాడను, అంతే.

ఇప్పుడది చూడిది. మొదటి ఈత. ఇంకా నెలన్నర ఉంది.

కొట్టంలో చివరి గదిని జబ్బుగది అంటాం. మందతో నడవలేనివి అందులో ఆగుతాయి. చూడిదని తెల్లచెవినీ నెల్లాళ్ళుగా అక్కడే ఉంచాం.

మొదట ఆగింది గంటమెడది. కాలు బెణికింది, అంతకు మించి ఏమీ లేదు. నాలుగు వారాలకు కాలు బాగుపడింది. ఐదో వారం చచ్చిపోయింది.

తర్వాత కవలల తల్లి. తర్వాత కొమ్ము విరిగిన మేక.

తర్వాత ఒక పడుచు మేక. దానికింకా పేరు కూడా కుదరలేదు.

అన్నీ తింటూనే చచ్చాయి.

అదే నాకు అంతుపట్టలేదు. జబ్బు చేస్తే మేక మేత మానేస్తుంది. ఇవి మానలేదు. నోటినిండా గడ్డి పెట్టుకుని, నములుతూ, మోకాళ్ళ మీదికి దిగి… అలాగే. పెంటికలు గట్టిగా, నల్లగా, విడివిడిగా పడేవి. పారుడు లేదు. దగ్గు లేదు.

సాయంత్రమయ్యేసరికి దవడ కింద ఒక సంచి వేలాడేది. వేలితో నొక్కితే గుంట పడేది. గుంట మెల్లగా నిండేది. నీరు.

తెల్లారి చూస్తే సంచి లేదు. ఎవరో వచ్చి విప్పుకుపోయినట్టు.

మళ్ళీ సాయంత్రం ఉండేది — ఎవరో తెచ్చి కట్టినట్టు.

బయట తిరిగే మంద మాత్రం బలంగా ఉంది. ముళ్ళపొదల మీదికి ముందుకాళ్ళెత్తి, కొమ్మలు వంచుకుని, దొరికింది తింటుంది. వాటి రెప్పలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి.

ఎవరూ పట్టించుకోనివి బాగున్నాయి.

మేం కళ్ళల్లో పెట్టుకు చూసుకున్నవి పోతున్నాయి.

పెద్దమ్మకు ప్రేమంటే తినిపించడం. జ్వరమొస్తే తినిపిస్తుంది. ఏడిస్తే తినిపిస్తుంది. కోపమొస్తే ముందు తినిపించి తర్వాత తిడుతుంది. నన్నూ అలాగే పెంచింది.

జబ్బుగదికి ఆమె ఒక ప్రత్యేకమైన గడ్డి కేటాయించింది. కొట్టం కడిగిన నీళ్ళు, వాటితో కొట్టుకొచ్చిన పెంటికలు, తూములోంచి వెనక్కి పోతాయి. అక్కడ మొలిచిన గడ్డి అది. జానెడు ఎత్తు. ఏడాది పొడుగునా ఆరని పచ్చన. అంత పచ్చన చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు.

"ఎండ తగిలితే లేతదనం పోతుంది. మంచు మీద ఉండగానే కొయ్యి" అనేది పెద్దమ్మ.

కోసేదాన్ని. తెల్లారగానే, కొడవలితో, మొదలంటా. తడి మోచేతుల దాకా పాకేది. మంచుచుక్కలు రాలిపోకుండా పొదివి పట్టుకుని, గుప్పెడు గుప్పెడు… నా చేత్తోనే.

పడుచు మేక పోయిందీ ఆ ఉదయమే. పెద్దమ్మ ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. రబ్బరు బూట్లు, చేతికి పొడుగాటి తొడుగు. చచ్చిన మేకను పెరట్లో పడుకోబెట్టి కోసింది. కడుపు తెరిచి నన్ను పిలిచింది.

"భయపడకు. దగ్గరికొచ్చి చూడు."

మేక చచ్చి ఆరు గంటలైంది.

కడుపు లోపలి గోడ కదులుతోంది.

దారాలు. సన్నవి, వేలెడు పొడుగు కూడా లేవు. ఎరుపూ తెలుపూ కలిపి పేనినట్టున్నాయి. వందలు… కాదు, లెక్కపెట్టే పని కాదు.

"నట్టలు" అంది డాక్టరమ్మ. "ఆ ఎరుపంతా మేక రక్తమే. కడుపులో కూర్చుని తాగుతాయి. ఎంత తిన్నా వాటికే సరిపోతుంది. రక్తం పలచబడితే దవడ కింద నీరు దిగుతుంది."

"మేం వీటిని గడప దాటనివ్వలేదు. ఎక్కణ్ణుంచి వచ్చాయమ్మా?" అంది పెద్దమ్మ.

"పెంటికల్లో గుడ్లుంటాయి. తడిలో పిల్లలవుతాయి. మంచు పడితే ఆ తడి వెంట గడ్డిపోచ పైకి పాకుతాయి. ఎండెక్కితే దిగిపోతాయి. కంటికి కనబడవు."

చేతి తొడుగు విప్పుతూ అడిగింది. "వీటికి మేత ఎక్కడిది?"

పెద్దమ్మ మొహం వెలిగింది. "మా సొంత గడ్డే. ఇదిగో, వెనకే. మంచు ఆరకముందే కోసి పెడుతుంది మా పిల్ల. ఒక్క రోజు మానితే ఒట్టు."

డాక్టరమ్మ నా వైపు చూసింది.

నేను నా చేతుల వైపు చూసుకున్నాను.

తెల్లచెవిని తూకం వేసి, తూకానికి తగ్గట్టు మందు తాగించింది. వెళ్ళేముందు నాతోనే చెప్పింది. "మందు పనిచేస్తుంది. కానీ దీనిలో రక్తం అడుగంటింది. ఆ గడ్డి మళ్ళీ లోపలికి పోయిందంటే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కరు. నెల రోజులు ఎండుమేత, చెట్టుకొమ్మలు. గుర్తుంటుందా?"

తలూపాను.

పెద్దమ్మ ఒక గడ్డిపోచ తుంచి అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. "పైకి పాకుతాయి, కిందికి దిగుతాయి, కనబడవు. పురుగుల సంగతి చెబుతున్నావా తల్లీ, మా ఆయన సంగతా? పని ఉన్నప్పుడు ఆయనా అంతే."

డాక్టరమ్మ నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. "కడుపులోవి చూశాను, ఒప్పుకుంటా. దీని మీద ఏవి? చూపించు."

చూపించడానికి ఏమీ లేదు. పచ్చన తప్ప.

ఆ రోజు నుంచి కొడవలి పట్టలేదు.

గడ్డి పెరిగింది. మోకాలి ఎత్తు. తొడ ఎత్తు. పొద్దున్నే వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. మంచు మెరుస్తూ ఉండేది. గాలి ఉండేది కాదు. పోచలు కదిలేవి.

గాలే అయ్యుంటుంది.

చేతులు సబ్బుతో కడుక్కునేదాన్ని. మళ్ళీ కడుక్కునేదాన్ని. ఒకరోజు అద్దం ముందు నిలబడి నా రెప్పే లాగి చూసుకున్నాను. గులాబీ రంగు. అది ఎప్పుడూ ఉండే రంగో, ఇప్పుడొచ్చిన రంగో… ఇంతకు ముందు చూసుకున్నదాన్ని కాదు.

తెల్లచెవి రెప్ప వారం దాకా తెల్లగానే ఉంది. పన్నెండో రోజు అంచున ఏదో కనబడింది. ఎంత పలచగా అంటే, నా వేలి నీడేమో అనుకున్నాను. వేలు తీసి మళ్ళీ చూశాను. ఉంది.

"రంగొస్తోంది" అన్నాను పెద్దమ్మతో.

"ఎముకలొస్తున్నాయి, అవి చూడు" అంది. "కడుపుతో ఉన్నదానికి ఎండుపుల్లలా పెట్టేది? నీకు పెడితే తింటావా? అడిగిందానికి జవాబు చెప్పవే, నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

కొమ్మలు తెచ్చి కట్టాను.

తెల్లచెవి వాటిని వాసన చూసి వదిలేసేది. తెల్లారగానే తూము వైపు మొహం పెట్టి అరిచేది. సన్నగా, ఆగకుండా. ఆ అరుపు దాని ఆకలిదే అనుకునేదాన్ని.

లేక లోపల మిగిలినవి బయట ఉన్నవాటిని పిలుస్తున్నాయా…

పద్దెనిమిదో రోజు అరుపు లేదు.

జబ్బుగది గడియ తీసి ఉంది.

వెనక్కి పరిగెత్తాను.

పచ్చనలో పొట్ట దాకా మునిగి ఉంది తెల్లచెవి. పక్కన పెద్దమ్మ. చెప్పులు తడుస్తాయని ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచేత్తో దాని వీపు నిమురుతోంది.

"చూడవే, ఎంత ఇష్టంగా తింటోందో." పసిబిడ్డ పడుకున్న ఇంట్లో మాట్లాడినట్టు, గుసగుసగా. "ఒక్క పూటే. ఒక్క పూటకేమవుతుంది?"

పెద్దమ్మకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు.

"వద్దు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. పెద్దమ్మ తల తిప్పి చూసింది, ఎవరు మాట్లాడారా అన్నట్టు.

"వద్దు పెద్దమ్మా. చచ్చిపోతుంది."

కొమ్ము పట్టుకుని లాగాను. తెల్లచెవి కాళ్ళు బిగించింది. పాదాల చుట్టూ తడి, మడమల దాకా తడి. పోచలు నా కాళ్ళకు ఆనుకుని, మెల్లగా…

"పాపం, తిననివ్వవే" అంది పెద్దమ్మ. ఆమె కళ్ళల్లో నీళ్ళు.

కొమ్ము మీద నా చెయ్యి. వీపు మీద ఆమె చెయ్యి. మధ్యలో దాని పొట్ట ఒక్కసారి కదిలింది — లోపలి నుంచి.

"ఇదిగో, తన్నింది! పిల్ల తన్నింది!" పెద్దమ్మ నవ్వింది.

పిల్లే అయ్యుంటుంది.

నేను కొమ్ము వదల్లేదు.

అది నమలడం ఆపలేదు.