ఒకే పైపులోకి నాలుగు

...లేదా తప్పు తన లెక్కలోనే ఉందేమో. నిడియా మళ్లీ మొదటినుంచి వేసింది. అదే అంకె. తన లెక్కే తప్పయితే బాగుండునని కోరుకోవడం ఆమెకు కొత్త.

యోపాల్ పట్టణ శివార్లలో కట్టబోయే గ్యాస్ ప్లాంటుకు నాలుగు రక్షణ వాల్వులు. ట్యాంకులో ఒత్తిడి మితిమీరితే స్ప్రింగు లేచి, గ్యాసును, దాన్ని కాల్చేసే మంటగొట్టానికి పోయే పెద్ద పైపులోకి వదలాలి. ఆ పైపులోంచి వాల్వు మీదికి ఎదురు తన్నే ఒత్తిడి ఎంతో ముందే రాయాలి. ఆ లెక్క వేసిన ముసలి ఇంజనీరు దోన్ ఎవారిస్తో, ఒక్కో వాల్వూ ఒంటరిగా తెరుచుకుంటుందనుకుని రాశాడు. కానీ కరెంటు పోతే చల్లబరిచే ఫ్యాన్లన్నీ ఆగి, ఒత్తిడి పెరిగి, నాలుగూ ఒక్కసారే ఆ పైపులోకి ఊదుతాయి. అప్పుడు మామూలు స్ప్రింగు వాల్వు సరిగా తెరుచుకోలేక టపటప కొట్టుకుంటుంది. ఆ ఎదురు ఒత్తిడి స్ప్రింగుకు తగలకుండా కాచే తిత్తి ఉన్న రకం కావాలి.

ఆయన వయసంతా గడిచిన పాత చమురు బావుల దగ్గర ఒక్కో ట్యాంకుకూ ఒక్కో గొట్టం, తిన్నగా ఆకాశంలోకి. ఆయన మనసులో ఇంకా అవే నిలబడి ఉన్నాయి.

నిడియా చేసే తనిఖీలో ఒప్పుకు పసుపు గీత, తప్పుకు ఎర్ర గీత. ఎర్ర గీత పడ్డ కాగితం మేనేజరు దగ్గరికి వెళ్తుంది. "ఇంకొక్క తప్పు దొరికితే ముసలాయన్ని ఇంటికి పంపేస్తా," అని మేనేజరు ఆమెతోనే అన్నాడు. పసుపు గీసి సంతకం పెడితే, సాయంత్రానికి వాల్వులకు ఆర్డరు వెళ్లిపోతుంది.

"ఏం తల్లీ, నా కాగితాన్ని అంత గుర్రుగా చూస్తున్నావ్? అదేమన్నా నిన్ను వదిలేసి పోయినవాడా?" దోన్ ఎవారిస్తో కాఫీ, బియ్యప్పిండి బిస్కెట్లు పట్టుకుని వచ్చాడు.

పక్క బల్ల దగ్గర పైపుల బొమ్మలు గీసే రూబియెల్ తలెత్తాడు. "మీ అంకెలు మీకంటే అందంగా ఉన్నాయట, దోన్ ఎవారిస్తో!"

"నువ్వు గీసే పైపులకంటే నా ముక్కే తిన్నగా ఉంటుంది, పోరా!"

నిడియాకు నవ్వొచ్చింది, వెంటనే చిరాకు. ఈయన నవ్వించకపోతే ఎంత తేలికయ్యేది! ఇది జాలేనా? కాదు. ఆయన కళ్లలో మంచి పిల్లగా మిగలాలన్న ఆశ. గుట్టుగా తనే అంకె దిద్దేస్తే? అది దయలాగే కనిపించింది. కానీ వచ్చే ప్లాంటుకూ ఈయన ఇలాగే రాస్తాడు. ఆ వాల్వుల పక్కన డ్యూటీ చేసేవాడి ముఖం తనకు తెలియదు. అందుకే కాబోలు, ఇంతసేపూ అతన్ని మరిచిపోగలిగింది.

దోన్ ఎవారిస్తో బిస్కెట్టు విరిచి సగం ఆమె చేతిలో పెట్టి, తన బల్లవైపు తిరిగాడు.

నిడియా ఏ గీతా గీయకుండానే పక్క కుర్చీ మీది ఫైళ్లు తీసి నేల మీద పెట్టింది.

"ఇలా కూర్చోండి," అంది. "కరెంటు పోయిందనుకుందాం. ఎన్ని వాల్వులు లేస్తాయో మీరే చెప్పండి."