కిందుండిపోయిన పేర్లు

నీలకంఠం నేలమీద బోర్లా పడుకుని, డిస్కు పెట్టె వెనక వైర్లలోకి టార్చి వేసి చూస్తున్నాడు. తప్పు వైర్లలో లేదని ఆయనకూ తెలుసు. కానీ కొత్త కంప్యూటరు ఇలా మొరాయిస్తూంటే మనిషన్నవాడు ఎక్కడో ఒకచోట వెతకాలి కదా. లేచి నిలబడేసరికి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టనిపించింది. పొద్దున తిన్నది అరగలేదనుకుని స్వెట్టరు కిందికి లాక్కున్నాడు. అది 1988, మే నెల. బయట మద్దిలపాలెం జంక్షన్లో తారు మెత్తబడిపోతూంటే, ఈ గదిలో మాత్రం ఏసీ చలికి పళ్లు టకటకలాడతాయి.

సన్నటి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. ఏళ్ల తరబడి కార్డులకు బెజ్జాలు కొట్టే మిషను మీద పనిచేయడం వల్ల చూపుడువేళ్ల కొసలు చదునుగా అరిగిపోయాయి. కార్డులు పోయి టేపులొచ్చాయి, టేపులతో పాటు డిస్కులూ వచ్చాయి. ఆయన మాత్రం అదే బస్సులో వచ్చి అదే కుర్చీలో కూర్చునేవాడు. ఆఫీసు గ్రూపు ఫోటోలో ఆయన ముఖం సగమే పడింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ గమనించలేదు, ఆయనతో సహా.

ఆ ఆఫీసు ఎవరు పని ఇస్తే వాళ్లకు కంప్యూటరు మీద చేసిపెట్టేది. అక్కడ పనిచేసే ఒక్కొక్కరికీ మిషన్లో హోం డైరెక్టరీ అని ఒక అర ఉంటుంది. ఎవరి ఫైళ్లు వాళ్ల అరలో. మొన్నటి అప్‌గ్రేడ్‌లో ఆ అరలన్నింటినీ కొత్తగా కొన్న పెద్ద డిస్కు మీదికి మార్చారు. అప్పట్నించీ రెండు తిప్పలు. మిషను నడవడానికి వాడే చిన్న డిస్కు నిండిపోయిందని స్క్రీను గోల పెడుతోంది, తీరా వెతికితే అందులో నిండేంత సరుకేమీ కనపడదు. రెండోది మరీ ఘోరం. టైపు చేసే అమ్మాయి గౌరీశ్వరి అర ఖాళీగా ఉంది. పాత డిస్కును కంపెనీవాళ్లు అప్పుడే పట్టుకుపోయి తుడిచేశారు. నకలు దాచిన టేపు ఉప్పుగాలికి బూజు పట్టి చదవనంటోంది.

గౌరీశ్వరి అరలో ఉన్నవి ఫ్యాక్టరీ కోసం భూములు పోయిన ఊళ్ల కుటుంబాల పేర్లు. నీలకంఠం ఊరూ అందులో ఒకటి. పేరుంటేనే ఉద్యోగానికి పిలుపు. టైపు చేశాక ఎవరి కాయితాలు వాళ్లకు తిరిగిచ్చేశారు.

టీ వేళకు బావమరిది అప్పలసూరి వచ్చి వరండాలో స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

"బావా, మీ మిషన్లో మా పేర్లు పోనాయంతన్నారు. నిజమేనేటి?"

"ఎవుడన్నాడు? ఉంటాది."

"మల్లీ కాయితాలట్టుకు రమ్మంతే నానేటి సెయ్యాలి? నాయి గాలివానకి పెట్టితో సహా నానిపోనాయి కదా. ఈ యేడు దాటితే నా వయసూ దాటిపోద్ది."

"నాను సూత్తాను. నువ్వు ఇంటికెల్లు."

ఏం చూస్తాడో ఆయనకే తెలియదు. సాయంత్రం కంపెనీ ఇంజనీరు వచ్చి చిన్న డిస్కు తుడిచేసి అంతా మొదట్నించీ ఎక్కిస్తాడు. ఆ తర్వాత వెతకడానికి చోటే ఉండదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక కుర్చీలో కళ్లు మూతలు పడ్డాయి. డిస్కుల రొద సరుగుడు తోపులో గాలిలా వినిపిస్తోంది. ఆ గాలిలోంచి నడుచుకుంటూ తను ఊరు ఖాళీ చేసి కాలనీకి మారిన రోజులోకి వెళ్లిపోయాడు. కొత్తింట్లో ధాన్యం దాచుకునే గాదెగొయ్యి. అందులో భార్య అసిరమ్మ ముందుగానే దించిపెట్టిన ఇత్తడి బిందెలు. ఇంతలో పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని కేకలు. కంగారులో ఎవరో ఆ గొయ్యి మీదే చాప పరిచారు, చాప మీద మంచం వేశారు. తర్వాత బిందెలు పోయాయని అసిరమ్మ ఊరంతా వెతుకుతోంది. ఆయన మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు, చెబుదామంటే నోరు పెగలడం లేదు.

మెలకువ వచ్చింది. కాసేపు ఎక్కడున్నాడో తెలియలేదు. తెలిశాక లేచి గోడ పట్టుకుంటూ ఆఫీసరు రమణమూర్తి గదికి వెళ్లాడు.

"సార్, మొన్న కొత్త డిస్కుకి ముహూర్తం రాలేదని మీరందరూ కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు కదండి. కాలీగా ఎందుకని నాను కాపీ మొదలెట్టేసినాను. పెద్ద డిస్కు అప్పటికింకా తగిలించనేదు."

రమణమూర్తి కళ్లజోడు తీశాడు. "అంటే అవన్నీ చిన్న డిస్కులోకి పోయాయి."

"పోనాయండి. ముహూర్తం రాగానే పెద్ద డిస్కు తెచ్చి సరిగ్గా ఆ సోటు మీదే తగిలించేసినాం. మల్లీ కాపీ సేసినాం. ఆ కంగార్లో గౌరీశ్వరిది జారిపోనాది. కానీ ముందు సేసినయి ఎక్కడికీ ఎల్నేదు సార్. గొయ్యి మీద సాప పరిసినట్టు, దాని కిందుండిపోనాయి."

"నన్ను కదా అనాలి, గడియ దాటిపోతోందని అందర్నీ తరిమింది నేనే," అంటూ రమణమూర్తి దాదాపు పరుగెత్తాడు.

అందరినీ పని ఆపమని, పెద్ద డిస్కును విడదీశాడు. దాని చోట ఖాళీ ఉండాలి. లేదు. అరలన్నీ వరసగా అక్కడే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోకుండా. వాటితోనే చిన్న డిస్కు నిండిపోయింది. గౌరీశ్వరిది కూడా ఉంది. ఆ పిల్ల గబగబా కుర్చీ లాక్కుని దాన్ని తెరిచింది.

"అప్పలసూరి పేరొక్కసారి సూడమ్మా," అన్నాడు నీలకంఠం.

ఆమె వెతికి, చదివి, "ఉంది బాబాయ్. తండ్రి పేరుతో సహా ఉంది," అంది.

ఇంజనీరు రాకముందే అన్నింటినీ టేపు మీదికి ఎక్కించడం మొదలుపెట్టారు. ఒక్కో ఊరికి ఒక్కో ఫైలు. ఎక్కిన ప్రతి ఫైలు పేరూ స్క్రీను మీద కనపడి పైకి జరిగిపోతోంది. నీలకంఠం ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఊరు పోయాక ఒకసారి వెళ్లి, తన ఇంటి గుమ్మం ఎక్కడుండేదో పోల్చుకోలేక తిరిగొచ్చిన మనిషి ఆయన. ఇప్పుడు ఊళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. తన ఊరూ వచ్చింది. ఎన్నాళ్లకో మనసు నిండా సంతోషంగా ఉంది. బావమరిదికి కబురు చెప్పాలి. గుండెల మీద కూర్చున్నవాడు ఇంకా లేవలేదు. కాసేపు ఆగి వెళదామనుకుని తల వెనక్కి వాల్చాడు.

టేపు ఆగింది. రమణమూర్తి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. గౌరీశ్వరి ఏదో చెప్పబోయి, ఆయన కళ్లు మూసుకుని ఉండటం చూసి గొంతు తగ్గించింది.

"లేపకండి సార్. పాపం, మూడ్రోజులుగా నిద్ర లేదు."

ఒక్కొక్కరే మునివేళ్ల మీద బయటికి నడిచారు. ఎవరో తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు. నీలకంఠం ఆ నిద్రలోంచి లేవలేదు.

దుమ్ము పడుతుందని ఆ గదిలోకి ఎవరైనా చెప్పులు విప్పే వెళ్లాలి. ఇళ్లకు వెళ్లేవాళ్లు గుమ్మం పక్కనున్న వరసలోంచి ఎవరివి వాళ్లు తొడుక్కుని వెళ్లిపోయారు. చివరికి అక్కడ ఒక్క జతే మిగిలింది, తెగిన ఎడమకాలి పట్టీకి పసుపురంగు కంప్యూటరు వైరు చుట్టి ముడివేసిన జత.