ఓటుకో ఒట్టు

పోలింగు రేపనగా మధ్యాహ్నం తమ్ముడు కుట్టుగదిలోకి వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు. కూర్చోకుండా మాట్లాడే చుట్టం మంచి కబురు తేడని టైలరమ్మకు తెలుసు. అందుకే మిషను ఆపలేదు.

"అక్కా, సాయంత్రం ప్రార్థనకు తప్పకుండా రా. అందరం గ్రంథం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంటున్నాం, మా మనిషికే ఓటని."

"ఓటుకో ఒట్టెందుకురా? వేసేవాళ్లు ఎలాగూ వేస్తారు."

"వేసేవాళ్లకు ఒట్టు బరువా?"

ప్రార్థన మందిరం వెనక గది అది. తమ్ముడు మందిరానికి పెద్ద. ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు. సిమెంటు కొట్టాయన. మందిరానికి గోడ కట్టించాడు, ప్రార్థనలో ముందు వరసలో కూర్చుంటాడు. కానీ ఎండాకాలం పేటంతా బిందెలు పట్టుకుని నిలబడ్డప్పుడు తన నీళ్ల ట్యాంకుకు తాళం మాత్రం తీయలేదు. ఆయన మీద పోటీకి నిలబడింది కొళాయమ్మ. ఆవిడ మతం వేరు. మునిసిపాలిటీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, అక్కడివాళ్లు తిడితే పడి, పేటకు కొళాయి వేయించాకే లేచింది. ఆ పేరు అప్పుడొచ్చిందే.

"నమ్మకాన్ని చెప్పుల్లాగా గుమ్మంలో విడిచి వెళ్లి ఓటేద్దామంటావా? దేవుడు ఈ నాలుగు గోడల మధ్యే ఉంటాడా?" అన్నాడు తమ్ముడు.

టైలరమ్మ కాలు మిషను మీద ఆగింది. ఆ మాట కాదనలేకపోయింది. ఆమె సూదిలో దారం ఎక్కించాలన్నా దేవుడితో చెప్పే ఎక్కిస్తుంది. "స్వామీ, మన కళ్లు మసకేస్తున్నాయి, కాస్త చూడు" అంటుంది. "స్వామీ, మన ఇంటి కప్పు కారుతోంది" అంటుంది. ఒంటరి మనిషికి ఇంట్లో రెండోవాడు ఆయనే.

"ఆయన్ని అడక్కుండా నేను గుడ్డ కూడా కత్తిరించనురా. ఓటూ అడిగే వేస్తాను."

"అడగడమెందుకు? నేను చెప్తున్నాగా."

"అదే మరి. నువ్వు చెప్తున్నావు."

తమ్ముడి ముఖం మాడింది. గుమ్మం దాటబోతూ, "ఈ గది మందిరానిదక్కా. ఒట్టు వేయనివాళ్ల దగ్గర తాళంచెవి ఎందుకుందని నలుగురూ నన్నే అడుగుతారు," అని వెళ్లిపోయాడు.

తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. టైలరమ్మకు కూడు పెట్టే గది. రెండూ ఒక్క మాట మీద వేలాడుతున్నాయి. అనేస్తే సరిపోయేదే. కానీ ఒట్టు వేశాక తప్పడం ఆమెకు చేతకాదు. ఇంకొకరి ముందు చెయ్యి చాచనని పోతున్న మొగుడి చేతిలో చెయ్యేసి చెప్పింది. పస్తులున్న రోజున కూడా చాచలేదు.

సాయంత్రం మందిరం కిక్కిరిసింది. ఒక్కొక్కరే లేచి, గ్రంథం మీద చెయ్యేసి, తమ్ముడు రాసిచ్చిన మాట అప్పజెబుతున్నారు. "స్వామీ, మా మనిషికే నా ఓటు." వరస టైలరమ్మ దగ్గరకొస్తోంది.

పక్కనే ఉన్న మరదలు చెవిలో గుసగుసలాడింది. "వదినా, పెదాలాడించి మాట మింగెయ్. పెళ్లైన దగ్గర్నుంచీ మీ తమ్ముడికి నేను అలాగే జవాబు చెప్తున్నా."

టైలరమ్మ నవ్వేలోపే ఆమె వంతు వచ్చింది. లేచింది. గ్రంథం అట్ట చల్లగా తగిలింది.

"స్వామీ, మన మనిషికే నా ఓటు."

తమ్ముడు తలెత్తాడు. "మా మనిషికి అనాలక్కా. మళ్లీ చెప్పు."

అప్పుడు గాని ఏమందో ఆమెకే తెలియలేదు. "ఆయనతో మాట్లాడుతూ 'మా' అంటే ఆయన్ని బయట నిలబెట్టినట్టుంటుందిరా. నోరు తిరగలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. సిమెంటు కొట్టాయన పెద్ద మనసుతో చెయ్యూపాడు. "మా అయితేనేం, మన అయితేనేం! వచ్చేది నాకేగా. కూర్చోమ్మా."

దేవుడు తలుపు తీసినట్టే ఉంది. కూర్చుంటే చాలు. గది ఉంటుంది, తమ్ముడు ఉంటాడు. రేపు మనసొచ్చిన వాళ్లకు వేసినా ఒట్టు తప్పినట్టు కాదు. మరదలు చెయ్యి పట్టి కిందికి లాగుతోంది. కానీ తమ్ముడు ఆమె చేతుల్లో పెరిగినవాడు. ఆ ముఖం అతనికి కొత్త కాదు.

"ఆ మనిషెవరో పేరు చెప్పి కూర్చో," అన్నాడు.

టైలరమ్మ గ్రంథం మీద నుంచి చెయ్యి తీసేసింది.

"పేరు చెప్పను. ఒట్టూ వేయను. నీకు భయపడి ఆయన మీద చెయ్యేస్తే నమ్మకం కాదురా. నీ మాటకు ఆయన్ని సాక్షి సంతకం పెట్టమన్నట్టు."

తమ్ముడు ఆమె వంక చూడకుండా, "తర్వాతివాళ్లు," అన్నాడు. పక్క మనిషి లేచాడు.

తెల్లవారగానే టైలరమ్మ మందిరం కుర్చీలకు కుట్టిన ముసుగులన్నీ మడతపెట్టి, పైన తాళంచెవి ఉంచింది. మిషను ఇంటికి మోస్తుంటే రెండో కొస మరదలు పట్టింది.

"వాడు చూస్తే?"

"చూడనీ వదినా. ఏం చేస్తున్నావంటే మాట మింగేస్తా."

బడి వరండాలో వరస కదిలీ కదలక కదిలింది. అట్టల చాటుకు వెళ్లాక టైలరమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "స్వామీ, చూస్తున్నావుగా. మన మనిషికే." కొళాయమ్మ గుర్తు వెతుక్కుని వేసింది.

బయట గేటు దగ్గర తమ్ముడు ఓటరు చీటీలు పంచుతున్నాడు. అక్క వేలి మీద సిరా చూశాడు. ఎవరికని అడగలేదు. నేల చూస్తూ అన్నాడు.

"మిషను మీ ఇంట్లో పట్టిందా?"

పుట్టి బుద్ధెరిగాక, తను పెరిగిన ఆ ఇంటిని వాడు 'మీ ఇల్లు' అనలేదు. సూది గోరు సందున దిగినట్టైంది.

"మన ఇంట్లో పట్టకేంరా," అంది. "నీ మంచం గోడవైపు జరిపాను."

ఎదురుగా ఎవరో చీటీకి చెయ్యి చాచి నిలబడ్డారు. తమ్ముడు ఇవ్వలేదు, అక్క వైపే చూస్తున్నాడు.