నీలం సంతకం

ఎమ్మెల్యేగారు ఐదుసార్లు గెలిచింది ఉపన్యాసాలతో కాదు, ఉత్తరాలతో. శాసనసభలో ఆయన నోరు విప్పినట్టు ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నే ఇంటి వసారాలోకి వచ్చి కూర్చుంటే మాత్రం ఆయన చేతికి ఎముకే లేదు. బదిలీ కావాలా, పింఛను కావాలా, ఆసుపత్రిలో మంచం కావాలా, అడగడమే ఆలస్యం, సిఫారసు ఉత్తరం చేతిలో పడేది. ఊళ్ళవాళ్ళు ఆయన్ని 'సంతకాల మారాజు' అనేవాళ్ళు.

గుట్టంతా సిరాలో ఉంది. ఆకుపచ్చ సంతకమైతే పని చేసిపెట్టమని, నీలమైతే బుట్టదాఖలు చేయమని. ఈ సంగతి ఆయనకూ పీఏకూ ఆఫీసర్లకూ తప్ప నరమానవుడికి తెలియదు. పచ్చ సంతకాలు నెలకు ఐదారు దాటనిచ్చేవారు కాదు. దాటితే వాటికి విలువుండదట!

అమ్మ పోయాక ఆయన్ని పెంచింది అక్క. పాతికేళ్ళలో ఆవిడ నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఆ రోజు వసారాలో అందరితోపాటు వరసలో నిలబడి అడిగింది.

"మీ బావకి రెండు కిడ్నీలూ పోయాయిరా. పెద్దాసుపత్రిలో మిషను మీద వంతు రావట్లేదు. ఓ ఉత్తరం రాసివ్వు."

"అదెంత పనక్కా!"

ఎన్నికల రోజులు. చెవి దగ్గర ఫోను, ఎదురుగా రెండు వందల మంది. పీఏ కాగితం ముందుకు తోశాడు. పొద్దుటి నుంచీ చేతిలో ఉన్న పెన్నుతోనే గీకేశారు. అక్క దాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది.

పందొమ్మిది రోజులు ఆవిడ ఆసుపత్రిలో కాళ్ళరిగేలా తిరిగింది. "తమ్ముడికి ఓసారి ఫోన్ చెయ్యవే" అని బావ అంటే, "సంతకం పెట్టాడుగా, ఇంకా విసిగిస్తే ఏం బావుంటుంది?" అంది. ఇరవయ్యో రోజున బావ పోయాడు.

నెల తర్వాత అక్క వచ్చింది. అప్పటికి ఆయన ఆరోసారి గెలిచారు. ప్లాస్టిక్ కవరులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. సంతకం నీలం సిరాతో ఉందని ఆయన అప్పుడే చూశారు.

"అక్కా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టారు. ఇది చెప్పాలంటే సిరా సంగతి చెప్పాలి. అది చెబితే ఇంటింటా పెట్టెల్లో దాచుకున్న వేల ఉత్తరాల సంగతీ చెప్పాలి. పాతికేళ్ళ బతుకులో చెప్పుకోవడానికి అవి తప్ప ఇంకేమీ లేవు. ఆయన చెప్పలేకపోయారు.

"నువ్వేం చేస్తావురా, చెయ్యాల్సింది చేశావు. నాకే సరిగ్గా చూపించుకోవడం రాలేదేమో" అంది అక్క. "పారెయ్యడానికి మనసొప్పలేదు. మీ బావ పేరు కొట్టేసి ఇంకెవరికైనా ఇవ్వు. వాళ్ళకైనా పనికొస్తుంది."

వసారాలో జనం లేచి నిలబడ్డారు. పీఏ నీలం పెన్ను మూత తీసి అందించాడు. ఆయన అందుకున్నారు.