జల్లెడలో ఆగని గింజ

2022 డిసెంబరు 9, శుక్రవారం, ఉదయం పదిన్నర. స్థలం: జీలుగువలస పంచాయతీ ఎరువుల షెడ్డు. హాజరైనవారు: సర్పంచి తవిటినాయుడు, పంచాయతీ కార్యదర్శి జోగినాథం, పారిశుధ్య కార్మికురాలు ఎర్రయ్యమ్మ, రైతు కూర్మయ్య. వీరు కాక అక్కడ మరొకరు ఉన్నారు కానీ, గోడకు ఆనించి ఉన్నదాన్ని ఎవరూ హాజరు పట్టీలో రాయరు. నేను ఒక జల్లెడను.

నేను ఎరువు కోసం పుట్టినదాన్ని కాను. ఈ ఊరి పంచాయతీ భవనం కట్టేటప్పుడు సోంబాబు అనే తాపీమేస్త్రి బొబ్బిలిలో తీగవల కొని, వేపచెక్క చట్రానికి మేకులు కొట్టి నన్ను తయారుచేశాడు. నా కన్నం వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు. గోడలకు సిమెంటు పూసే గిలాబు పనికి ఇసుక జల్లించడం నా వృత్తి. పైన ఆగినది పారవేయవలసినది, కింద పడినది పనికివచ్చేది అన్నది ఆయన దగ్గర నేను నేర్చుకున్న ఏకైక శాస్త్రం. లోకజ్ఞానమంతా అందులో ఇమిడి ఉందని చాలాకాలం నమ్మాను. భవనం పూర్తయ్యాక మేస్త్రి నన్ను అక్కడే మరచిపోయాడు. ఒకరు మరచిపోయిన వస్తువును అందరూ కలిసి ప్రభుత్వ ఆస్తి అనడం మనుషుల ఆచారం. ఆ విధంగా నేను పంచాయతీ దాన్నయ్యాను.

షెడ్డులో నన్ను చేపట్టినది ఎర్రయ్యమ్మ. ఊరి చెత్తనంతా ఏరి, తడిచెత్తను తొట్లలో వేసి, వానపాములను వదిలి, రెండు నెలలకు తయారైన ఎరువును నాలో పోసి ఊపేది. గుడ్డు పెంకులు, గాజు ముక్కలు, మాత్రల రేకులు నాపై ఆగేవి. టీపొడి వంటి నల్లని ఎరువు కింద పడేది. దాన్ని పిడికిట పట్టి వాసన చూసి ఆమె తల ఊపినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని ఇప్పుడు తలచుకోవడానికే సిగ్గు.

నా పతనం ఒక మొక్కతో మొదలైంది. కారెట్ ఆకు వంటి ఆకు, ముగ్గుపిండి చల్లినట్టు తెల్లని పూత. దానికి వయ్యారిభామ అని పేరు పెట్టిన వాడెవడో ఒక్కసారైనా దాన్ని ఉత్త చేతులతో పీకి ఉండడు. తాకితే దురద, పీలిస్తే దగ్గు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పూతకు ముందే పీకాలని ఎర్రయ్యమ్మకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఏటా జులై మొదట్లోనే పీకేది. ఆ ఏడు మాత్రం ఆగస్టు మూడోవారంలో నిర్మూలన వారోత్సవం జరపాలని, ముందూ తరువాతా ఫొటోలు పంపాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ముందు ఫొటోలో మొక్కలు ఉండాలి కదా! అందుకని జోగినాథం అంతవరకూ ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. మొక్క వానను చూసి పూస్తుంది, మనుషులు ఉత్తర్వును చూసి పీకుతారు.

వారోత్సవం నాడు పంచాయతీకి వచ్చిన ఒకే ఒక్క జత చేతితొడుగులను సర్పంచి వేసుకుని, ఒక మొక్కను పీకి ఫొటో దిగి, తొడుగులను బీరువాలో పెట్టించాడు. మిగిలిన మొక్కలను ఎర్రయ్యమ్మ చేతులకు పాలిథీన్ సంచులు చుట్టుకుని నాలుగు రోజులు పీకింది. రిక్షా బండి నిండా తెల్లని పూతతో షెడ్డుకు వచ్చి, నా ముందే ఆగింది.

"పూత ముదిరిపోనాది బాబూ. తొట్లో ఏత్తే గింజ సావదు. ఎండబెట్టి కాల్సీమంటారా?" అని అక్కడున్న జోగినాథాన్ని అడిగింది.

జోగినాథం ఫోను లోంచి తల ఎత్తలేదు. "కాలిస్తే పొగ ఫొటోలో పడుతుందమ్మా. తొట్లో వెయ్యి. వానపాములు చూసుకుంటాయి."

వానపాములు చూసుకోలేదు. వాటికి వేడి పనికిరాదు; వేడి లేనిదే గింజ చావదు. అక్టోబరులో ఆ ఎరువు నాలోకి వచ్చింది. రెండు మిల్లీమీటర్లకు మించని నల్లని గింజలు నా కన్నాల గుండా జారిపోతూ ఉంటే, ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టాను. ఆపలేకపోయాను. నా శాస్త్రం ప్రకారం కింద పడినదంతా మంచిదే. ఎర్రయ్యమ్మ దాన్ని నలభై రెండు సంచులకు ఎత్తింది. పంచాయతీ వారు ఊరంతటికీ ఉచితంగా పంచారు. అందులో మూడు సంచులు కూర్మయ్య వంగమడికి వెళ్లాయి.

డిసెంబరు తొమ్మిదిన ఆయన తువ్వాలులో కట్టి తెచ్చిన మొలకలను షెడ్డు నేల మీద కుమ్మరించాడు.

"ఇరవై అయిదు సెంట్ల మడి. వంగనారు కంటే ఇదే ఎక్కువుంది. నా కలుపు నానెరుగుదును నాయుడు బాబూ. ఇది మీరు మూటగట్టి ఇచ్చిన కలుపు."

"ఊరుకో కూర్మయ్యా, గాలికి ఎగిరొచ్చి పడిందేమో," అన్నాడు తవిటినాయుడు.

"గాలి నా మడిలో సాలు తప్పకుండా జల్లిందేటి? ఎరువేసిన సాల్లోనే మొల్సినాది."

జోగినాథం తన చేతిసంచిలోంచి ముందే సిద్ధం చేసుకున్న కాగితం తీసి, మండలానికి పంపవలసిన నివేదిక అని చెప్పి, గొంతు తగ్గించి చదివాడు. 'పారిశుధ్య కార్మికురాలు ఎరువును సరిగా జల్లించకపోవడం వల్ల' అన్న చోట ఆయన స్వరం ఇంకా తగ్గింది. కింద ఎర్రయ్యమ్మ వేలిముద్ర పడితే చాలు, ఆమెను పనిలోంచి తొలగించడానికి మరో ఆధారం అక్కరలేదు. తొమ్మిదేళ్ల కొలువు ఆ ఒక్క వాక్యం మీద ఆగి ఉంది.

ఎర్రయ్యమ్మ కోపగించుకోలేదు. నన్ను గోడ దగ్గర నుంచి తీసి, దుమ్ము దులిపి, రెండు చేతులతో ఆయన ముందు పట్టింది.

"ఏలుముద్ర ఏసీసేత్తాను బాబూ. కానీ ఒక్కపాలి తమరు జల్లించి సూపించండి. ఎలా ఊపితే ఆ గింజ పైన ఆగుతాదో నేర్సుకుంటాను."

జోగినాథం నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. తొట్టి అడుగున మిగిలిన ఎరువును ఆమె రెండు దోసిళ్లు పోసింది. ఆయన అడ్డంగా ఊపాడు, నిలువుగా ఊపాడు, పసిబిడ్డను లాలించినట్టు మెల్లగా ఊపాడు. చివరికి నాపై ఒక గాజు ముక్క, రెండు గులకరాళ్లు మిగిలాయి. కింద కుప్పలో కూర్మయ్య వేలు పెట్టి, నాలుగు నల్లని గింజలను ఏరి ఆయన అరచేతిలో పెట్టాడు.

"అయితే తప్పు జల్లెడదే," అన్నాడు తవిటినాయుడు, దారి దొరికినట్టు. "జల్లెడ నాసిరకం అని రాసెయ్ సెక్రట్రీ. ఎవుల్కీ బాధ లేదు."

నిజం చెబుతున్నాను, నాకు అభ్యంతరం లేదు. ఊరి మీద ఆ గింజలు పడినది నా ఒడిలోంచే. కానీ ఎర్రయ్యమ్మ నన్ను లాక్కుంది.

"జల్లెడ మీద ఎందుకేత్తారు బాబూ, దానికి నోరు లేదనా? నాకూ లేదనే కదా ముందు నా పేరు రాసినారు."

జోగినాథం అరచేతిలోని గింజలను పారవేయడానికి చోటు వెతికాడు. నేల మీద వేయలేడు, తొట్లో వేయలేడు. చివరికి రుమాలులో కట్టి జేబులో పెట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఇంకొక కాగితం తీశాడు. రాయడానికి చాలాసేపు పట్టింది. చదివేటప్పుడు మాత్రం గొంతు తగ్గించలేదు:

"ఫొటోల నిమిత్తం పూత వచ్చేదాకా మొక్కలను పీకనివ్వనిది నేను. కార్మికురాలు హెచ్చరించినా తొట్లో వేయించినది నేను. ఆ ఎరువు చేరిన ప్రతి పొలంలోనూ పూతకు ముందే ఈ కలుపు తీయించవలసి ఉంది."

"ఇది మండలానికి ఎల్తే నీకే ముప్పు," అన్నాడు సర్పంచి.

"తెలుసండీ."

"మరి నా మడి?" అన్నాడు కూర్మయ్య. "ఈ కాయితం కలుపు పీకుతాదేటి?"

"పీకదు. రేపు ఉదయం నేను వస్తాను."

"ఉత్త సేతుల్తో మాత్రం రాకండి బాబూ," అంది ఎర్రయ్యమ్మ. "రెండ్రోజులు అన్నం కలుపుకోలేరు."

కూర్మయ్య నవ్వబోయి మానేశాడు. తవిటినాయుడు తానూ సంతకం పెట్టడానికి కలం ఇమ్మని చెయ్యి చాపాడు.

నాకు సంతకం లేదు. ఆ నలభై రెండు సంచులు ఏయే పొలాలకు వెళ్లాయో చెప్పగలిగినా వినేవారు లేరు. ఉన్నచోటనే ఉండి, జోగినాథం చేతులను చూస్తూ ఉండిపోయాను. ఆయన కూడా కొత్త కాగితం మీద సంతకం చేశాడు. ఎర్రయ్యమ్మ పేరున్న మొదటి కాగితాన్ని చింపుతాడనుకున్నాను. చింపలేదు. దాని మీద 'మొదట నేను ఇలా రాశాను' అని ఒక వరుస రాసి, దాని కిందా సంతకం పెట్టి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి ఉంచి, నాలుగు మడతలు మడిచి, మండలానికి వెళ్లే కవరులో పెట్టి, సంచి జిప్పు వేశాడు.