పద్నాలుగు గ్రాములు

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి మొదలు కావలసిన క్లాసు ఎనిమిదీ నలభైకి మొదలైంది. ఆ నలభై నిమిషాలూ గార్త్ లండీ తన టోపీ వెతుక్కున్నాడు. టోపీ మీద క్లబ్బు పేరు, దాని కింద 'మోటారు గురువు' అని కుట్టి ఉంటాయి. అది నెత్తిన లేకుండా అతను పాఠం చెప్పడు.

ఈలోపు డార్లీన్ విక్‌స్ట్రమ్ రేకుల షెడ్డులోని నాలుగు కాటాలనూ పరీక్షించింది. ఇంటి నుంచి తెచ్చుకున్న వంద గ్రాముల ఇత్తడి రాయిని ఒక్కోదాని మీద పెట్టి చూసింది. మూడు వంద చూపించాయి. నాలుగోది తొంభై ఆరు చూపించింది. దాన్ని తీసి బల్ల కింద పెట్టింది.

ఆమెకు అరవై ఒకటి. ముప్పై మూడేళ్లు బేకర్స్‌ఫీల్డ్‌లో ఒక దంతాల ల్యాబులో పంటి తొడుగులు పోత పోసింది. పోతలో గాలి బుడగ పడితే తొడుగు ఏడాదిలో పగులుతుంది. పగిలింది తిరిగి ఆమె బల్ల మీదికే వచ్చేది. పద్నాలుగేళ్లుగా సెలవు రోజుల్లో ఎడారికొచ్చి రాకెట్లు ఎగరేస్తోంది. రాకెట్టు తను కట్టిందే. దాన్ని లేపే మోటారు మాత్రం కంపెనీ దగ్గర కొన్నది. ఎంత ఎత్తుకు లేచినా అందులో సగమే తనదని ఆమె లెక్క.

సొంత మోటారు ఎగరేయాలంటే మోహావీ ఎడారిలోని ఈ క్లబ్బు ఇచ్చే కార్డు ఉండాలి. కార్డు కావాలంటే ఈ మూడు రోజుల క్లాసులో మోటారును లెక్కగట్టి, లోపల మండే మందు పోత పోసి, ఆదివారం పరీక్ష స్టాండుకు బిగించి కాల్చి చూపించాలి. క్లాసు ఏడాదికి ఒక్కసారే, పన్నెండు మందికే. రెండేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటే ఇప్పటికి ఆమె వంతు వచ్చింది.

గార్త్ మొదటి గంటంతా తన గురించి చెప్పాడు. రెండో గంటలో జంట పద్ధతి గురించి చెప్పాడు. అదీ తన గురించే.

"మీ మోటారును మీ జంట పరీక్షిస్తారు. వాళ్లది మీరు పరీక్షిస్తారు. రెండు సంతకాలూ పడితేనే రెండు మోటార్లూ కాలతాయి. ఒకటి ఆగిందా, రెండోదీ ఆగినట్టే. సముద్రంలో దిగే డైవర్ల దగ్గర నేర్చుకున్నా ఇది. పదకొండేళ్లలో ఇక్కడ ఒక్క మోటారు ఆగలేదు."

ఆగలేదన్నాడు, పేలలేదనలేదు. షెడ్డు గోడకు ఏడు అల్యూమినియం గొట్టాలు మేకులకు వేలాడుతున్నాయి. ఏడూ అరటితొక్కల్లా విచ్చుకుని ఉన్నాయి. ఒక్కోదాని కింద దాన్ని చేసిన మనిషి పేరు, సంవత్సరం ఎర్ర రంగుతో రాసి ఉన్నాయి. వాటి ముందు నిలబడి ఫొటోలు దిగడం ఇక్కడ మర్యాద.

జంటల్ని ఇంటిపేర్ల ఇంగ్లీషు అక్షరాల వరుసలో వేశారు. విక్‌స్ట్రమ్‌కు ముందు వాస్ వచ్చాడు.

బ్రెంట్ వాస్ ఫ్రెస్నోలో ఈతకొలనులు కడతాడు. తన మోటారుకు అప్పుడే 'థోర్' అని పేరు పెట్టి, స్టిక్కరు కూడా అచ్చు వేయించుకొచ్చాడు. మోటారు లెక్క మాత్రం వేసుకు రాలేదు.

"పాతికేళ్లుగా క్లోరిన్ కలుపుతున్నా తల్లీ," అన్నాడు చేతులకు తొడుగులు వేసుకుంటూ. "కెమికల్స్ సంగతి నాకు వదిలెయ్."

"కొలనులో బుడగలొస్తే పిల్లలు సంతోషిస్తారు. ఇది అది కాదు," అంది డార్లీన్.

బ్రెంట్ పగలబడి నవ్వాడు. తనకు అర్థం కాని ప్రతిదానికీ అతను అలాగే నవ్వుతాడని ఆమెకు మధ్యాహ్నానికల్లా తెలిసింది.

మందు కలపడానికి కేకు పిండి కలిపే మిక్సర్లు వాడారు. రబ్బరు పాకంలో పొడులన్నీ కలిశాక అది తడి సిమెంటులా తయారవుతుంది. దాన్ని అట్ట గొట్టాల్లోకి కూరి, మధ్యలో కడ్డీ నిలబెట్టి, గట్టిపడ్డాక కడ్డీ లాగేస్తే ఒక దిమ్మ తయారు. అలాంటి నాలుగు దిమ్మలు అల్యూమినియం గొట్టంలో పేరిస్తే ఒక మోటారు. డార్లీన్ ఒక్కో చెంచా వేసి, చెక్క పుల్లతో చుట్టూ అదిమి, మళ్లీ చెంచా వేసింది. నాలుగు దిమ్మలకు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. బ్రెంట్ గుప్పెడేసి ముద్దలు తోశాడు. సాక్రమెంటోలో ఒక జడ్జిగారింటి కొలను పచ్చగా మారిన కథ చెబుతూ అరగంటలో ముగించాడు. గార్త్ వచ్చి అతని భుజం తట్టాడు.

"ఆ వేగం చూడండి! ఈ పనికి ధైర్యం ఉండాలి," అన్నాడు క్లాసంతటికీ వినబడేలా.

ఆదివారం ఉదయం, గట్టిపడేందుకు ఉంచిన వేడిపెట్టెలోంచి దిమ్మలు తీసి తూచారు. లెక్క ప్రకారం ఒక్కోటి నాలుగు వందల పన్నెండు గ్రాములుండాలి. డార్లీన్ దిమ్మలు నాలుగూ అంతే ఉన్నాయి. బ్రెంట్‌వి ఆమే తూచింది. ఒకటి, రెండు, నాలుగు సరిపోయాయి.

"మూడోది మూడొందల తొంభై ఎనిమిది," అంది.

"ఐతే?"

"పద్నాలుగు గ్రాములు తక్కువ."

"గాలి వీస్తోంది కదా. కాటా ఊగుంటుంది."

"మిగతా మూడింటికీ ఊగలేదే." ఆమె కొలబద్దతో కొలిచింది. "పొడుగు అంతే. లావు అంతే. మధ్య బొక్క అంతే. ఆ పద్నాలుగు గ్రాములు ఎటు పోయినట్టు?"

"ఆరిపోయుంటాయి."

"ఇది రబ్బరు, బాబూ. ఎండు చేప కాదు. లోపల ద్రాక్షపండంత బోలు ఉంది."

కాలేటప్పుడు మంట ఆ బోలులోకి దూరుతుంది. ఒక్కసారిగా ఎక్కువ మందు అంటుకుంటుంది. పొగ ఉబ్బి, అది బయటికి పోయే మూతి, అంటే నాజిల్ రంధ్రం చాలక, గొట్టం చీలుతుంది. ఇదంతా శుక్రవారం గార్త్ చెప్పిన పాఠమే. గార్త్ వచ్చాడు. తను రాసిన చిన్న పుస్తకం తెరిచి ఇరవై రెండో పేజీ మీద వేలు పెట్టాడు.

"మోటారులో మొత్తం మందు బరువు లెక్కకు ఒక శాతం అటూ ఇటూ ఉండొచ్చు. నాలుగూ కలిపితే పదహారు వందల నలభై ఎనిమిది ఉండాలి. పద్నాలుగు తగ్గింది. ఒక శాతం లోపలే. పాస్!"

"తగ్గింది నాలుగింట్లో కాదు, ఒక్కదాంట్లో."

"సగటు చూడాలి, డార్లీన్."

"నీ నోట్లో పళ్లు సగటున బాగానే ఉన్నాయంటే పుచ్చిపన్ను సలపడం మానుతుందా, గార్త్?"

అవతలి బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. గార్త్ టోపీ సర్దుకున్నాడు.

"ఈ పుస్తకం రాసింది నేను."

"తెలుస్తూనే ఉంది."

"కోసి చూద్దాం," అంది డార్లీన్ బ్రెంట్ వైపు తిరిగి. బ్రెంట్ దిమ్మను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. థోర్‌ను కోయనివ్వనన్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఆమెను పక్కకు పిలిచాడు.

"చూడు తల్లీ. అందరం కాంక్రీటు గోడ వెనకే ఉంటాం. ఎవరికీ దెబ్బ తగలదు. ముందు నీది కాల్చుకో, తర్వాత నాది. పేలితే నా గొట్టమే కదా పోయేది? గోడకు ఎనిమిదోది అవుతుంది. నా పేరూ ఉంటుంది. నీకు కార్డొస్తుంది. ఒక్క సంతకం!"

అందులో అబద్ధమేమీ లేదు. ఎవరికీ దెబ్బ తగలదు. ఆమె మోటారు కాలుతుంది. రేపు సోమవారం నుంచి ఎడారిలో నిప్పు నిషేధం, నవంబరు దాకా. ఇవాళ ఆగితే మళ్లీ వచ్చే ఏడే, అదీ చోటు దొరికితే. డార్లీన్ పెన్ను తీసింది. సంతకం గీత పైన అచ్చులో ఒకే వాక్యం ఉంది: 'పరీక్షించాను. లోపం లేదు.'

ల్యాబులో ప్రతి తొడుగు పెట్టె మీదా ఆమె సంతకం ఉండేది. ఎవరి నోట్లోనో పగిలేది ఎవరికీ ప్రాణం మీదికి వచ్చేది కాదు. అయినా వాళ్లు దాన్ని పెట్టెలో పెట్టి తిరిగి పంపేవాళ్లు.

ఆమె గీత ఖాళీగా వదిలేసి దాని కింద రాసింది: 'మూడో దిమ్మలో ద్రాక్షపండంత బోలు ఉంది.'

స్టాండుకు మంట తీగ తగిలించేది హెక్టర్ సాల్దానా. ఈ స్థలంలో నిప్పు పెట్టే లైసెన్సు అతనొక్కడికే ఉంది. కాగితం చదివి మడిచి గార్త్‌కు తిరిగి ఇచ్చాడు.

"తగిలించను."

"హెక్టర్, ఇది మామూలు విషయం. శాతం లోపలే ఉంది."

"బోలు అని రాసుంది. లైసెన్సు నాది. శాతం నీది."

"సరే. నాది ఒక్కటే కాల్చు. దాని మీద బ్రెంట్ సంతకం ఉంది కదా," అంది డార్లీన్.

గార్త్ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "జంట పద్ధతమ్మా. పదకొండేళ్లలో ఒక్కసారీ సడలించలేదు."

"బోలుకైతే నీది రబ్బరు రూలు. నాకైతే ఇనప రూలు."

"రూలు రూలే."

పది మోటార్లు కాలాయి. తొమ్మిది సవ్యంగా కాలాయి, ఒకటి నాజిల్‌ను ముప్పై గజాల దూరం ఉమ్మేసింది. ప్రతిదాని తర్వాతా గార్త్ గోడ వెనక నుంచి లేచి, తనే పురుడు పోసినట్టు చేతులు పైకెత్తాడు. డార్లీన్ పదింటినీ చూసింది. అందులో నాలుగింటి పోత ఆమె ల్యాబులో అయితే చెత్తబుట్టలోకి పోయేది.

క్లాసులో చేసిన మందు స్థలం దాటి బయటికి పోకూడదు. కాల్చనిది సాయంత్రం గుంటలో తగలబెట్టాలి. నాలుగింటికి హెక్టర్ మట్టిగుంటలో ఇనప రేకు పరిచి, దాని మీద ఆమె దిమ్మలు నాలుగు ఒక వరుసలో, బ్రెంట్ దిమ్మలు నాలుగు ఇంకో వరుసలో పెట్టాడు. గొట్టం లేదు, నాజిల్ లేదు, కొలిచే తీగలు లేవు. అందరూ గోడ వెనక్కి వెళ్లారు. చూపు సందులోంచి గుంట కనిపిస్తుంది.

ముందు ఆమె వరుసను అంటించాడు. నాలుగూ ఒకేసారి అంటుకున్నాయి. తెల్లటి మంట నాలుగింటికీ ఒకే ఎత్తున నిలబడింది. ఆమె వాచీ చూసింది. పదిహేడో సెకనుకు నాలుగూ ఒకేసారి ఆరిపోయాయి.

తర్వాత థోర్. ఎనిమిదో సెకను దాకా బాగానే కాలింది. తొమ్మిదో సెకనులో మూడో దిమ్మ పక్కనుంచి మంట తన్నింది. దిమ్మ రెండు ముక్కలై, ఒక ముక్క రేకు మీద నుంచి ఎగిరి ఇసుకలో పడి గిరగిరా తిరిగింది. హెక్టర్ "ద్రాక్షపండు," అన్నాడు.

గార్త్ వెంటనే తేరుకుని గోడ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"చూశారా? ఇందుకే జంట పద్ధతి పెట్టాను నేను! పద్ధతి పనిచేసింది!"

చప్పట్లు పడ్డాయి. గట్టిగా కొట్టినవాడు బ్రెంట్. ఆ తర్వాత కార్డులు పంచారు. గార్త్ పదకొండో కార్డు తీసుకుని డార్లీన్ దగ్గరికొచ్చి, పెద్ద మనసు చేసుకున్న మొహంతో చాపాడు. ఆమె చదివింది. 'సొంత మోటారును లెక్కగట్టి, పోత పోసి, విజయవంతంగా కాల్చారు.'

"నేను కాల్చలేదు."

"కాలిందిగా. గుంటలో అందరం చూశాం."

"గుంటలో చెత్త కూడా కాలుస్తారు, గార్త్." ఆమె 'విజయవంతంగా కాల్చారు' అన్న మాటల మీద గీత కొట్టి కార్డు తిరిగి ఇచ్చింది. "పన్నెండుకు పది. నీకు సగటు బాగానే ఉంది. దీన్ని కూడా అందులో కలుపుకో."

నాజిల్ లోహమే కాబట్టి ఇంటికి తీసుకుపోవచ్చు. మసి అంటని తన నాజిల్‌ను మేజోడులో చుట్టి సంచిలో వేసుకుంది. షెడ్డులో తన ఇత్తడి రాయి తీసుకోబోతే, బల్ల కింద పెట్టిన కాటా మళ్లీ బల్ల మీద కనిపించింది. దాన్ని మళ్లీ కింద పెట్టింది.

బ్రెంట్ గుమ్మం దగ్గర ఎదురయ్యాడు. చేతిలో థోర్ స్టిక్కరు ఉంది.

"కోపం లేదుగా తల్లీ? వచ్చే ఏడు కూడా వస్తా. వాస్, విక్‌స్ట్రమ్. మళ్లీ మనమే జంట!"

అతను వెళ్లేదాకా ఆగి, గుమ్మం పక్క దొంతరలోంచి వచ్చే ఏడాది దరఖాస్తు ఒకటి తీసుకుంది. పికప్పు బానెట్ మీద పెట్టి అక్కడే పూర్తి చేసింది. ఇంటిపేరు గడిలో నలభై ఏళ్లుగా రాయని పేరు రాసింది, పెళ్లికి ముందరిది: ఆల్‌డ్రిచ్. దాన్ని తీసుకెళ్లి హెక్టర్ చేతికిచ్చింది. హెక్టర్ పేరు చదివి, ఆమె మొహం చూసి, నింపిన దరఖాస్తుల దొంతరలో అన్నిటికన్నా పైన పెట్టాడు.