బస్సు బడికొచ్చిన రోజు

ఆ ఉదయం బస్సెక్కడానికి మూడో తరగతి టీచరు నానా తంటాలూ పడింది. చంకలో చెప్పుల డబ్బాల అట్టలు, భుజాన సంచి, చేతిలో తాడుతో కట్టిన పాత క్యాలెండర్లు.

"ఏంటమ్మా, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అంది కండక్టరమ్మ, రెక్క పట్టి పైకి లాగుతూ.

"బడికమ్మా. పిల్లలు బొమ్మలేద్దామంటే కాగితాల్లేవు. వీటి వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా."

"బడివాళ్లు కొనరా?"

"ఈ ఏడాదికి ఇచ్చినదంతా బల్లల మరమ్మతుకే సరిపోయింది. మొన్నటిదాకా నేనే కొన్నాను. మా ఆయన ఏమీ అనరు గానీ, మాకూ ఇద్దరు పిల్లలు..."

అనవసరంగా నోరు జారానని టీచరు నాలుక్కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. కండక్టరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. టీచరు దిగిన మరుక్షణం నుంచీ టికెట్టుతో పాటు ఈ కబురు కూడా అందరికీ చేరవేసింది.

వారం తిరిగి సోమవారం వచ్చింది. టీచరు బస్సెక్కి చూస్తే విచిత్రంగా ఉంది. సీట్లలో మూటలు కూర్చున్నాయి, మనుషులు చాలామంది నిలబడ్డారు!

"ప్రెస్సులో అంచులు కోయగా మిగిలిన కాగితం. మంచి దళసరిది, రంగు పీల్చదు," అన్నాడు అచ్చాపీసు యజమాని, ఓ కట్టను తట్టి చూపిస్తూ.

"గుడ్డముక్కలూ గుండీలూ నావి. కత్తెరల మొనలు అరగదీయించాను, పిల్లలకి గుచ్చుకోవు," అంది టైలరమ్మ.

రంగుల కొట్టాయన రెండు డబ్బాలు ఎత్తి చూపించాడు. వెనక సీటు ముసలావిడ ఒళ్లోంచి కొత్త పెన్సిళ్ల పెట్టెలు తీసి, "నా మనవలకి కొన్నట్టే కొన్నానమ్మా" అంది.

టీచరు నవ్వబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదంతా ఎలా మోస్తుంది? స్టాపు నుంచి బడి చాలా దూరం కదన్నా!" అని కండక్టరమ్మ డ్రైవరును కేకేసింది.

"పైవాళ్లకి ఫోన్ చేసి అడిగాను. ఎక్కినవాళ్లు ఒప్పుకుంటే ఇవాళ ఒక్కరోజుకి బడి దాకా తిప్పుకోమన్నారు," అన్నాడు డ్రైవరు.

అందరి చూపులూ ముందు సీటు పెద్దమనిషి మీదికి మళ్లాయి. అందరూ ఆయన్ని టైమయ్య అంటారు. బస్సు నిమిషం ఆలస్యమైతే చాలు, అగ్గిమీద గుగ్గిలమవుతాడు. ఆయన గడియారం వంక చూశాడు.

"రోజూ కారణం లేకుండా ఆలస్యం చేస్తారు. ఇవాళైనా ఒక కారణం దొరికింది. తిప్పవయ్యా!"

బస్సు ఈలలతో దద్దరిల్లింది.

సందులో మలుపు తిరిగేటప్పుడు గోడకూ బస్సుకూ మధ్య బెత్తెడు చోటు మిగిలింది. "రానీ, రానీ, ఆగాగు!" అంటూ అందరూ తలా ఒక డ్రైవరైపోయారు. హారన్ వినబడగానే పిల్లలు గుంపుగా గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

"టీచర్! ఈ బస్సు మనదేనా?"

"ఇవాళ్టికి మనదే!" అని టీచరు మెట్టు మీంచే అరిచింది. తన గొంతు అంత పైకి లేస్తుందని తనకే తెలియదు.

మూటలు కిటికీల్లోంచి చేయి మారుతూ వరండాలోకి చేరాయి. టైమయ్య కోటు విప్పి సీటు మీద పడేసి కాగితాల కట్ట నెత్తికెత్తుకున్నాడు. చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మా చేతికి అచ్చు సిరా మరకలే మిగిలాయి, మీరు మాత్రం మంచి బొమ్మలెయ్యాలి. వేసినవి మాక్కూడా చూపించాలి!" అని అచ్చాపీసాయన కిటికీలోంచి చెప్పాడు.

బస్సు వెళ్లాక టీచరు తరగతికి పరిగెత్తింది. బెంచీల మీద అప్పుడే కాగితాలు పరుచుకున్నాయి. ఒక పాప ముక్కు పసుపుపచ్చగా ఉంది. ఈ గోల ఏమిటో కనుక్కోవడానికి వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ పిల్లల మధ్య చతికిలబడి, చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపుకుని, ఓ రంగు డబ్బాతో కుస్తీ పడుతోంది.

"చూస్తారేంటి టీచర్, మూత బిగుసుకుపోయింది. చెంచా ఏదైనా తెండి, తొందరగా!"